ఎర్రబడ్డ ప్రతి కన్నూ కండ్లకలక కాదు: అపోహలు - వాస్తవాలు

"కండ్లకలకే కదా డాక్టర్ గారూ, ఏదో ఒక చుక్కల మందు రాసెయ్యండి." ఈ మాట అంటున్న మనిషి ఒక చేత్తో కన్ను మూసుకుని, రెండో చేత్తో గదిలో లైటు తీసెయ్యమని సైగ చేస్తుంటాడు. జబ్బేమిటో తనే తేల్చేసుకుని వచ్చాడు, నేను చీటీ మీద సంతకం పెడితే చాలు. కండ్లకలకలు జోరుగా ఉన్న రోజుల్లో ఇలాంటివాళ్ళు రోజూ వస్తుంటారు. చాలామందిది నిజంగా కండ్లకలకే, వాళ్ళతో నాకు పేచీ లేదు. మిగిలిన కొద్దిమంది కోసమే ఇది రాస్తున్నాను. వాళ్ళు నా దాకా వచ్చేసరికి తరచుగా వారం దాటిపోయి ఉంటుంది.

అపోహ: కన్ను ఎర్రబడిందంటే కండ్లకలకే

కంటికి ఏ బాధ వచ్చినా రక్తనాళాలు ఉబ్బుతాయి, కన్ను ఎర్రబడుతుంది. నల్లగుడ్డు మీద పుండు పడినా అంతే, లోపల ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర) వాచినా అంతే, కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగినా అంతే, రెప్ప కింద నలక ఇరుక్కున్నా అంతే. ఎరుపును చూసి జబ్బు పేరు చెప్పడం కుదరదు. నేను అడిగేవి వేరే: నొప్పి ఉందా, చూపు తగ్గిందా, వెలుగు చూడలేకపోతున్నారా?

మామూలు కండ్లకలకలో గరగర ఉంటుంది, మంట, దురద ఉంటాయి, పొద్దున్నే రెప్పలు పుసులతో అతుక్కుంటాయి. అంతేగానీ లోపల్నుంచి పోటు పెట్టదు, నిద్రలోంచి లేపదు. చూపు మసకేసినా అది పుసి అడ్డం పడ్డందువల్లే. తడిగుడ్డతో తుడుచుకుని రెండుసార్లు రెప్పలు ఆర్పితే తేటపడుతుంది. తుడిచినా తేటపడని మసకని కండ్లకలక ఖాతాలో వెయ్యకండి. ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు: అద్దాలు వాడేవాళ్ళు అద్దాలు పెట్టుకుని, బాగున్న కన్ను అరచేత్తో మూసి, ఎర్రబడ్డ కంటితో ఫోన్‌లో అక్షరాలు చదవండి. తర్వాత కన్ను మార్చి చదవండి. చాలామంది ఈ పని చెయ్యరు. రెండు కళ్ళూ తెరిచి ఉంటే బాగున్నది రెండోదాని లోటు కప్పేస్తుంది, అందుకే చూపు తగ్గిన సంగతి నా గదిలో అక్షరాల బోర్డు ముందు కూర్చునేదాకా వాళ్ళకే తెలియదు.

ఎరుపు ఎక్కడుందో కూడా చూడండి. కింది రెప్పని కాస్త లాగితే అక్కడ బాగా ఎర్రగా ఉండి, నల్లగుడ్డు వైపు వస్తున్నకొద్దీ పలచబడితే అది కండ్లకలక లక్షణం. నల్లగుడ్డు చుట్టూ ఊదా ఛాయలో ఎర్రటి వలయం కట్టి, రెప్ప లోపల మాత్రం పెద్దగా ఎరుపు లేకపోతే గొడవ ఇంకా లోతుగా ఉందన్నమాట. కండ్లకలక ఒక కంటితో మొదలై కొద్ది రోజుల్లో రెండోదానికి పాకడం మామూలే. రోజులు గడిచినా ఒక్క కన్నే ఎర్రగా ఉండి, పుసి లేకుండా నొప్పి మాత్రం ఉంటే ఇక ఆగడం అనవసరం.

ఆమధ్య ఒక కుర్రాడు వచ్చాడు. ఏటా రెండు మూడుసార్లు "కండ్లకలక" వస్తుందట. వచ్చినప్పుడల్లా నల్లద్దాలు పెట్టుకుని వేరే గదిలో పడుకుంటాడు, నెలల పసిబిడ్డను ఎత్తుకోడు. ప్రతిసారీ ఒక్క కన్నే, ఇంట్లో ఇంకెవరికీ అంటుకున్నది లేదు. అదే నాకు అనుమానం తెప్పించింది. బాగున్న కంట్లోకి టార్చి వేశాను. ఎర్రగా ఉన్న రెండో కన్ను నొప్పెట్టిందన్నాడు. ఒక కంట్లో వెలుగు పడితే రెండు కనుపాపలూ ముడుచుకుంటాయి, లోపల వాచిన ఐరిస్ ఆ కదలికకే విలవిల్లాడుతుంది. కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూస్తే, గుండ్రంగా విచ్చుకోవలసిన పాప రెండు చోట్ల వెనకున్న లెన్సుకి అతుక్కుని వంకరగా తెరుచుకుంది. ఇది ఐరైటిస్. "పొద్దున లేవగానే నడుము పట్టేసి, కాసేపు తిరిగాక సడలుతుందా?" అని అడిగాను. అతను, వాళ్ళావిడ మొహమొహాలు చూసుకున్నారు. నడుముకి వేరే చోట మందులు వాడుతున్నాడు, రెండింటికీ సంబంధం ఉండొచ్చని వాళ్ళకెవరూ చెప్పలేదు. వెన్నెముక కీళ్ళని బిగించే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్ళకి ఇలా మాటిమాటికీ కన్ను ఎర్రబడడం మాకు బాగా తెలిసిన విషయమే. ఐరైటిస్ అంటుకోదు. బిడ్డని ఎత్తుకోవచ్చని చెప్పగానే ఆ అమ్మాయి ఏడ్చేసింది.

అపోహ: పోయినసారి మిగిలిన చుక్కలు వేశాం, ఎరుపు తగ్గింది, కాబట్టి జబ్బు తగ్గినట్టే

నేను చూసినవాటిలో కళ్ళు పోగొట్టే అపోహ ఇదే. మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇళ్ళలో మిగిలిపోయే చుక్కల సీసాల్లో, పక్కింటివాళ్ళు ప్రేమగా ఇచ్చే సీసాల్లో, చీటీ లేకుండా కొని తెచ్చుకునే వాటిలో చాలావాటిల్లో స్టెరాయిడ్ ఉంటుంది. పేరు యాంటీబయాటిక్‌ది ముందు ఉంటుంది, స్టెరాయిడ్‌ది దాని పక్కన. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసలోన్, ఈ మూడు పేర్లలో ఏది కనబడినా ఆ సీసా మీ అంతట మీరు ముట్టుకోవద్దు. స్టెరాయిడ్ ఏ కారణంతో వచ్చిన ఎరుపునైనా తగ్గిస్తుంది, నొప్పినీ కొంత తగ్గిస్తుంది. మనిషి హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. లోపల క్రిమి కూడా అదే పని చేస్తుంది, దాన్ని అడ్డుకునే కణాలని మనమే నిద్రపుచ్చాం కదా.

హెర్పిస్ పుండు సంగతి చూడండి. పెదవి మీద జ్వరపు పొక్కులు తెప్పించే వైరసే ఇది. ముఖానికి స్పర్శనిచ్చే నరం మూలంలో ఏళ్ళ తరబడి దాక్కుని, ఎప్పుడో ఒకసారి కంటి మీదికి దిగుతుంది. ఒక కన్ను ఎర్రబడుతుంది, నీళ్ళు కారతాయి, వెలుతురు పడదు. పైకి అచ్చం కండ్లకలకలా ఉంటుంది. ఫ్లోరసీన్ అనే రంగు అద్దిన తడి కాగితం రెప్పకి ఆనించి, కంటిని పెద్దది చేసి చూపే స్లిట్ ల్యాంప్‌లో నీలి వెలుగు పెడితే నల్లగుడ్డు మీద పచ్చగా మెరుస్తూ కొమ్మలు కొమ్మలుగా సన్నటి గీత కనబడుతుంది, కొమ్మల చివర చిన్న చిన్న బుడిపెలతో. ఆ దశలో వస్తే ఎసైక్లోవిర్ ఆయింట్‌మెంట్ రోజుకి 5 సార్లు పెట్టుకుంటే సాధారణంగా మానిపోతుంది. స్టెరాయిడ్ చుక్కలు పడి వస్తే కొమ్మలన్నీ కలిసిపోయి, దేశపటంలా వెడల్పాటి పుండు అయి ఉంటుంది. మానినా మచ్చ మిగులుతుంది, కంట్లో పువ్వు అంటామే, అది. పాపకి ఎదురుగా పడితే చూపు పోయినట్టే. ఈ వైరస్ నల్లగుడ్డు స్పర్శని కూడా మందగింపజేస్తుంది, దూది పోగు కొసతో తాకినా కొందరికి తెలియదు. నొప్పి తగ్గిందంటే పుండు మానిందని అనుకోవడానికి లేదు.

ఫంగస్ పుండుదీ ఇదే కథ, ఇంకా మొండిది. ఆకో, గడ్డిపరకో, కొమ్మో కంటికి తగిలిన కొన్ని రోజులకి ఎర్రబడితే ఆ దెబ్బ సంగతి తప్పకుండా చెప్పండి. "అది చిన్న గీతేనండీ, అప్పుడే పోయింది" అని చాలామంది చెప్పనే చెప్పరు. పుండుని కాస్త గీకి, ఆ గీకినది మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. నాటమైసిన్ చుక్కలు వారాల తరబడి వెయ్యాల్సి వస్తుంది. అలాంటి కంట్లో స్టెరాయిడ్ పడిందంటే నల్లగుడ్డు చిల్లిపడేదాకా పోవచ్చు.

అక్కడికీ కొందరు వాదిస్తారు: "ఐరైటిస్‌కి మీరే స్టెరాయిడ్ రాస్తారుగా?" రాస్తాను. స్లిట్ ల్యాంప్‌లో చూసి, పుండు లేదని రంగు వేసి తేల్చుకుని, పాప అతుక్కోకుండా దాన్ని పెద్దది చేసే మందుతో కలిపి, ప్రెషర్ కొలుస్తూ రాస్తాను. స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వాడితే కొందరిలో కంటి ప్రెషర్ పెరిగి నీటికాసులు (గ్లాకోమా) వస్తాయి, ఇంకొందరిలో శుక్లం త్వరగా వస్తుంది. ఎరుపు పోయిందన్న సంతోషంలో ఏడాదంతా వేసుకుంటూ పోయినవాళ్ళని చూశాను.

అపోహ: వాంతులు, తలనొప్పి కడుపు గొడవో మైగ్రేనో, కన్ను వేరే సంగతి

పెద్దవయసు వాళ్ళు, ముఖ్యంగా ప్లస్ పవర్ అద్దాలు వాడేవాళ్ళు, రాత్రిపూట ఒక పక్క తల పగిలిపోతోందని, వాంతులవుతున్నాయని అంటే ఆ కన్ను చూడండి. ఎర్రగా ఉండి, నల్లగుడ్డు ఆవిరి పట్టిన గాజులా మసకబారి, పాప కాస్త పెద్దదై, టార్చి వేసినా కదలకపోతే అది ఉన్నట్టుండి వచ్చిన నీటికాసులు. లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపించాయని కూడా చెబుతారు. కంటి ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మి.మీ. పాదరసం మధ్య ఉండాలి, ఇందులో 50 దాటిపోవచ్చు. అంత ప్రెషర్‌లో కంటి నరం గంటల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది. ఒక పెద్దావిడని రాత్రంతా కడుపు మందులతో సరిపెట్టి తెల్లారాక తీసుకొచ్చారు. కన్ను ఎర్రబడ్డ సంగతి కూతురు చూసింది, వాంతుల ఒత్తిడికి అనుకుంది. ఎవరికైనా అలాగే తోస్తుంది, ఆ అమ్మాయిని ఏమంటాం. చుక్కలు, ఇంజెక్షన్లతో ప్రెషర్ దించి, లేజర్‌తో ఐరిస్‌కి సన్నటి రంధ్రం పెడతాం. రెండో కంటికి కూడా పెడతాం, రేపు దానికీ ఇదే ముప్పు కనక.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

తెల్లగుడ్డు మీద నెత్తుటి మరక, నొప్పి లేదు, చూపు బాగుంది: అద్దంలో చూసుకుని గుండె జారిపోయి పరుగెత్తుకొస్తారు పాపం. చూడ్డానికే భయంకరం. దగ్గినా, తుమ్మినా పగిలే చిన్న రక్తనాళం అది, 2 వారాల్లోపు తనే కరిగిపోతుంది. బీపీ ఒకసారి చూపించుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, మీరే మానెయ్యకండి. తలకో కంటికో దెబ్బ తగిలి వస్తే మాత్రం అది వేరే లెక్క, వెంటనే రండి.

కండ్లకలక చూస్తే అంటుకుంటుందా? అంటుకోదు. చేతులు, తువ్వాళ్ళు, దిండు గలీబులు అంటిస్తాయి. నల్లద్దాలు వెలుగు నుంచి కాపాడతాయి, వైరస్ నుంచి కాదు.

యాంటీబయాటిక్ వేస్తే త్వరగా పోతుందా? వైరస్‌తో వచ్చినదైతే దానితో పనిలేదు. 1 నుంచి 3 వారాలు పడుతుంది.

కంట్లో లోతైన పోటు, తెల్లవారుజామున నిద్ర లేపే నొప్పి, ముట్టుకుంటే నొప్పి, కీళ్ళవాతం కూడా ఉంది: స్క్లెరైటిస్ (తెల్లగుడ్డు వాపు) కావచ్చు, చుక్కలతో లొంగేది కాదు. నుదుటి మీద ఒక పక్క సర్పి పొక్కులు వచ్చి, ముక్కు కొస మీద కూడా వచ్చాయంటే కంటికీ పాకే అవకాశం ఎక్కువ, కన్ను ఎర్రబడేదాకా ఆగవద్దు. రెప్ప ఉబ్బి మూసుకుపోయి, జ్వరం ఉండి, కనుగుడ్డు కదిపితే నొప్పెడితే అత్యవసరం. శుక్లం ఆపరేషన్ అయిన కొద్ది రోజులకి కన్ను ఎర్రబడి చూపు తగ్గితే ఆ పూటే వెళ్ళండి.

పసిపిల్లల సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి. పుట్టిన మొదటి 28 రోజుల్లో కళ్ళు వాచి చీము కారితే దాన్ని కండ్లకలక అని వదలకూడదు, తల్లి నుంచి కాన్పులో సోకే గనేరియా లాంటివి రోజుల వ్యవధిలో నల్లగుడ్డుని తినేస్తాయి. నెలల బిడ్డకి కన్ను తెల్లగానే ఉండి, నీళ్ళు, పుసి మాత్రం కారుతుంటే అది కన్నీటి గొట్టం మూసుకుపోవడం. ముక్కు పక్కన మర్దన ఎలా చెయ్యాలో చూపిస్తాం, చాలామందికి ఏడాది లోపు తెరుచుకుంటుంది. నీళ్ళు కారుతూ, వెలుగుకి మొహం తిప్పేసుకుంటూ, నల్లగుడ్డు పెద్దగానో మసకగానో ఉంటే పుట్టుకతో వచ్చే నీటికాసులేమో చూడాలి. "పెద్ద పెద్ద కళ్ళు, ఎంత ముద్దుగా ఉన్నాయో" అని మురిసిపోతూ తెచ్చిన బిడ్డల్లోనూ ఇది చూశాం.

కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్ళకి ఎర్రబడ్డ కన్ను ఎప్పుడూ అనుమానించాల్సిందే. లెన్స్ తీసెయ్యండి, మళ్ళీ పెట్టుకోకండి. లెన్స్‌తో నిద్రపోయినవాళ్ళకి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పుండు ఒకటి రెండు రోజుల్లోనే ముదురుతుంది. కుళాయి నీళ్ళతో లెన్స్ కడిగినవాళ్ళకి అకాంతమీబా అనే నీటి క్రిమి పట్టుకోవచ్చు, పైకి కనిపించేదానికన్నా నొప్పి చాలా ఎక్కువగా ఉంటుంది అందులో. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు లెన్సుల డబ్బా, అందులోని ద్రవం కడిగెయ్యకుండా అలాగే తీసుకెళ్ళండి, క్రిమి పేరు కొన్నిసార్లు అందులోనే దొరుకుతుంది. ఎవరైనా సరే, అప్పటిదాకా వేసుకున్న చుక్కల సీసాలన్నీ, ఖాళీ అయినవి కూడా, సంచిలో వేసుకుని పట్టుకెళ్ళండి.