టైమింగ్ చైన్: వదులు ఏ వైపు ఉండాలి?

పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్. ఈ రెంటి పళ్ల చక్రాలను కలిపి తిప్పేదే టైమింగ్ చైన్. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరగాలి. అందుకే క్యామ్ చక్రానికి పళ్లు సరిగ్గా రెట్టింపు ఉంటాయి. క్రాంక్‌కు 20, క్యామ్‌కు 40 అనుకుందాం. చైన్ ఒక్క పన్ను తప్పితే క్యామ్ 9 డిగ్రీలు పక్కకు జరిగినట్టు. క్రాంక్ లెక్కలో అది 18 డిగ్రీలు. బండి స్టార్ట్ అయినా ఊపు ఉండదు, ఐడిలింగ్‌లో వణుకుతుంది. ఇంకా ఎక్కువ పళ్లు తప్పితే చాలా ఇంజన్లలో పిస్టన్ పైకొచ్చి తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. వాల్వు వంగిందంటే హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) దించాల్సిందే.

చైన్ పొడవు పెరిగేది లింకుల దగ్గర పిన్నులు, బుష్‌లు అరిగి. ఒక్కో కీలుకు 0.02 మిల్లీమీటరు అరిగినా 120 కీళ్లకు 2.4 మిల్లీమీటర్లు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కంకర క్రషర్ల దారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ సరిగా కూర్చోకపోతే రాతిదుమ్ము ఆయిల్‌లో కలిసి ఈ అరుగుదలను పెంచుతుంది. కొత్త చైన్‌తో పాటు గైడ్లు (చైన్‌ను దారిలో ఉంచే పట్టీలు), టెన్షనర్ (చైన్ వదులును నొక్కిపట్టేది) కూడా మార్చడం మేలు. పళ్లు కొక్కెంలా వంగిన పాత చక్రం ఉంచితే కొత్త చైన్‌నూ తినేస్తుంది.

ఇంటి ముందు షెడ్డులో చేసేవారు ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, స్పార్క్ ప్లగ్‌లు తీయాలి. సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) వెళ్లే సందును శుభ్రమైన గుడ్డతో మూయాలి. చిన్న బోల్టు అందులో పడితే పని రెండింతలవుతుంది. చైన్ లేనప్పుడు క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ తిప్పొద్దు.

చైన్‌లోని రంగు లింకులను చక్రాల మీది గుర్తులకు కలపడం అందరూ చేస్తారు. అసలు తప్పు జరిగేది వదులు దగ్గర. తిరిగేటప్పుడు క్రాంక్ చైన్‌ను ఒక వైపు లాగుతుంది. స్థిరమైన గైడ్ ఉన్న ఆ వైపు బొటనవేలితో నొక్కితే ఊగకూడదు. వదులంతా టెన్షనర్ వైపే చేరాలి. లాగే వైపు వదులు మిగిలితే, గుర్తులు కలిసినట్టే కనబడినా, క్రాంక్ ముందు ఆ వదులును లాక్కున్నాకే క్యామ్ కదులుతుంది. అంటే క్యామ్ వెనకబడిందన్నమాట. తర్వాత టెన్షనర్ బిగించి, దాన్ని లోపలికి నొక్కి ఉంచిన లాక్ పిన్ను లాగేయాలి. ఇది మరచిపోయేవాళ్లు తక్కువేం కాదు!

సెల్ఫ్ కొట్టకముందు క్రాంక్ బోల్టుకు పానా పెట్టి, ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. వెనక్కి తిప్పితే వదులు లాగే వైపు చేరి పన్ను తప్పవచ్చు. ఎక్కడైనా ఠక్కున ఆగితే బలం పెట్టొద్దు, అది వాల్వు తగిలిన గుర్తు కావచ్చు. రెండు చుట్ల తర్వాత చక్రాల గుర్తులు కలవాలి. రంగు లింకులు మాత్రం కలవవు, కంగారు పడొద్దు. పైన చెప్పిన 20, 40 పళ్ల లెక్కలో చైన్‌కు 122 లింకులుంటే అవి మళ్లీ కలిసేది క్రాంక్ 122 చుట్లు తిరిగాకే.

కవర్‌కు సీలెంట్ సన్నని గీతలా చాలు. ఎక్కువైతే లోపలికి పిండుకొని, ఊడి, ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. క్రాంక్ బోల్టు బిగింపు మాత్రం ఆ మోడల్ మాన్యువల్ చూసి టార్క్ రెంచ్ (బిగింపు బలం కొలిచే పానా)తోనే. కొన్ని ఇంజన్లకు కొత్త బోల్టే వేయాలి. తొలిసారి స్టార్ట్ చేసినప్పుడు టెన్షనర్‌లోకి ఆయిల్ ఎక్కేదాకా రెండు మూడు సెకన్లు గలగలమంటుంది. ఆ తర్వాతా ఆగకపోతే వెంటనే ఇంజన్ ఆపి, ముందు ఆ లాక్ పిన్ను లాగారో లేదో చూడండి.