నీలం మాత్రలో ఇనుమెంత?

తిరుపతిలో ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు వారానికోసారి నీలం రంగు మాత్ర ఇస్తారు. రక్తహీనత రాకుండా ఇచ్చే మాత్ర అది. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం ప్రకారం అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండాలి. ఇనుము సాధారణంగా ఫెర్రస్ సల్ఫేట్ రూపంలో ఉంటుంది. ఆ 60 నిజమో కాదో తేల్చుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఇంటర్ ల్యాబులో ఉండే బ్యూరెట్ (కొలత గీతలున్న, చుక్కచుక్కగా వదిలే గాజు గొట్టం), కాస్త పొటాషియం పర్మాంగనేట్, పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలు. ఆ తర్వాత లెక్క సరిగ్గా చేయాలి. పిల్లలు తడబడేది అక్కడే.

ముందు మాత్ర మీది రంగు పూత గీకేసి, మెత్తగా నూరి, పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి వడగట్టాలి. బ్యూరెట్లో 0.02 మోలార్ పర్మాంగనేట్, అంటే లీటరుకు 0.02 మోల్‌లు ఉన్నది నింపాలి. డజనులాగే మోల్ కూడా ఒక లెక్క, అణువులను లెక్కపెట్టడానికి. దాని ఊదా రంగు ఎంత చిక్కగా ఉంటుందంటే ద్రవం అడుగు వంపు కనపడదు, అందుకే రీడింగ్ పై అంచు దగ్గర తీసుకుంటాం. ఫ్లాస్కును తిప్పుతూ వదులుతుంటే పడిన చుక్క పడినట్టే రంగు పోగొట్టుకుంటుంది. ఫెర్రస్ ఇనుము ఉన్నంతసేపూ ఇదే వరస. అది అయిపోయాక పడిన ఒక్క చుక్కకే ద్రావణమంతా లేత గులాబీ రంగుకు తిరుగుతుంది, అర నిమిషమైనా పోకుండా నిలుస్తుంది. రంగు మార్పు చూపడానికి వేరే సూచిక పనిలేదు. అప్పటికి 10.7 మిల్లీలీటర్లు ఖర్చయిందనుకుందాం.

“సార్, ఇప్పుడు ఐదుతో గుణించాలా, భాగించాలా?”

ఏటా ప్రాక్టికల్స్ ముందు వినపడే ప్రశ్న ఇది. పిల్లల తప్పు కాదు. ఒక గైడులో సూత్రం రాసి, అందులో ‘ఎన్’ అంటే సమీకరణంలోని మోల్‌ల సంఖ్య అంటారు. ఆ లెక్కన పర్మాంగనేట్‌కి 1, ఇనుముకి 5. ఇంకో గైడులో అదే ‘ఎన్’ అంటే ఒక్కో అణువుకి మారే ఎలక్ట్రాన్ల సంఖ్య. అప్పుడు పర్మాంగనేట్‌కి 5, ఇనుముకి 1. మొదటి దాంట్లో ‘ఎన్’ భాగహారంలో ఉంటుంది, రెండో దాంట్లో గుణకారంలో. రెండూ సరైనవే. కానీ ఒకదాని సూత్రంలో ఇంకోదాని అంకెలు వేస్తే జవాబు ఇరవై అయిదు రెట్లు తేడా కొడుతుంది. అందుకే నేను సూత్రం పక్కన పెట్టేసి ఎలక్ట్రాన్లు లెక్కపెట్టమంటాను.

పర్మాంగనేట్‌లో మాంగనీసు ఆక్సీకరణ స్థితి, అంటే ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టు లెక్కో చెప్పే అంకె, +7. ఆమ్లంలో అది +2కి దిగుతుంది, అంటే ఐదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఇనుము +2 (ఫెర్రస్) నుంచి +3 (ఫెర్రిక్)కి వెళ్తుంది, అంటే ఒక్క ఎలక్ట్రాన్ ఇస్తుంది. ఐదు రూపాయల బిళ్లకి చిల్లర ఇవ్వాలంటే రూపాయి బిళ్లలు ఐదు కావాలి కదమ్మా, అంతే ఇది. ఒక పర్మాంగనేట్‌కి ఐదు ఇనుములు.

ఇక లెక్క. 10.7ని 0.02తో గుణిస్తే 0.214 మిల్లీమోల్‌ల పర్మాంగనేట్. దానికి ఐదు రెట్లు ఇనుము, 1.07 మిల్లీమోల్‌లు. ఇనుము పరమాణు భారం 55.85తో గుణిస్తే 59.8 మిల్లీగ్రాములు. మాత్ర సరైనదే. ఐదుతో భాగించినవాళ్లకి 2.4 మిల్లీగ్రాములు వస్తుంది. అసలు ఐదునే మర్చిపోతే 12. మాత్ర మీద 60 అని ఉండగా 2.4 వస్తే పెన్ను ఆగాలి. ఈ ఆగడం అలవాటైతే చాలు, సగం టెన్షన్ పోతుంది. ఆగ్జాలిక్ ఆమ్లంతో చేసినా పద్ధతి ఇదే. అది రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది కాబట్టి నిష్పత్తి రెండు పర్మాంగనేట్‌లకి ఐదు ఆగ్జాలిక్ ఆమ్లాలు.

ఆ ఐదు పర్మాంగనేట్‌కి పుట్టుకతో వచ్చిన అంకె కాదని మాత్రం గట్టిగా చెప్పాలి. మాంగనీసు +2 దాకా దిగాలంటే ఒక్కో పర్మాంగనేట్‌కి ఎనిమిది హైడ్రోజన్ అయాన్లు కావాలి. అవి నాలుగు నీటి అణువుల్లోకి వెళ్తాయి. ఆమ్లం చాలకపోతే మాంగనీసు +4 దగ్గరే ఆగి, మాంగనీసు డయాక్సైడ్‌గా గోధుమ రంగు మడ్డి కడుతుంది. అప్పుడు తీసుకున్నవి మూడు ఎలక్ట్రాన్లే. ఫ్లాస్కులో ఆ మడ్డి కనిపిస్తే రీడింగ్ రాసుకోవద్దు, మళ్లీ చేయాల్సిందే. ఏదో ఒక ఆమ్లం పోస్తే సరిపోదు కూడా. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే అందులోని క్లోరైడ్ కొంత పర్మాంగనేట్ తినేసి ఇనుమును ఎక్కువ చేసి చూపిస్తుంది. నైట్రిక్ ఆమ్లం తానే ఇనుమును ఆక్సీకరిస్తుంది, కాబట్టి తక్కువ చూపిస్తుంది.

మాత్రల్లో కలిపే చక్కెర, పిండి వగైరాల మీదకూ పర్మాంగనేట్ మెల్లగా పోతుంది. మందుల పరీక్షల్లో ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలకు సీరియం అనే లోహపు లవణం వాడేది ఇందుకే. సీరియం +4 నుంచి +3కి దిగుతుంది, తీసుకునేది ఒక్క ఎలక్ట్రానే. 0.1 మోలార్ సీరియం ద్రావణంతో మన మాత్రను పరీక్షిస్తే ఎన్ని మిల్లీలీటర్లు పడుతుంది? మళ్లీ 10.7 మాత్రమే. 0.02ని ఐదుతో గుణిస్తే 0.1 కదా, రెండు బ్యూరెట్లలోనూ ఒక్కో మిల్లీలీటరు తీసుకోగల ఎలక్ట్రాన్లు సమానమే. పాత పుస్తకాల్లో నార్మాలిటీ అని చెప్పేది దీన్నే.

ఈ పద్ధతి లెక్కపెట్టేది ఫెర్రస్ ఇనుమును మాత్రమే. తేమ తగిలి పాతబడిన మాత్రలో కొంత ఇనుము గాలికి ఫెర్రిక్‌గా మారిపోయి ఉంటుంది. దాని దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్ మిగలదు, కాబట్టి పర్మాంగనేట్‌కి అది కనపడదు. రీడింగ్ 9 మిల్లీలీటర్ల దగ్గరే ఆగిపోవచ్చు. పేగులు ఫెర్రస్‌ను పీల్చుకున్నంత తేలిగ్గా ఫెర్రిక్‌ను పీల్చుకోలేవు, అందుకే ఈ తేడా పట్టించుకోదగ్గదే. అదే డబ్బాలోంచి ఇంకో మాత్రను ఇలాగే కరిగించి, ఆమ్లంలో జింకు వేసి ఫెర్రిక్ అంతా ఫెర్రస్‌గా మారాక, మిగిలిన జింకును వడగట్టి మళ్లీ టైట్రేషన్ (బ్యూరెట్‌తో ఇలా కొలవడం) చేస్తే మొత్తం ఇనుము తెలుస్తుంది. ఈసారి 10.7 వస్తే తేడా 1.7 మిల్లీలీటర్లు. ఐదుతో గుణించే అదే లెక్క ప్రకారం, దాదాపు 9.5 మిల్లీగ్రాముల ఇనుము డబ్బాలోనే ఫెర్రిక్ అయిపోయిందన్నమాట.