పేర్లు ఎక్కువుంటే పేరు లేనట్టేనా?

మ్యాపుల్లో పేర్ల గొడవ మళ్లీ మొదలైంది. 2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజే ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వుతో అలాస్కాలోని డెనాలీ శిఖరం తిరిగి మౌంట్ మెకిన్లీ అయింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో అమెరికా ప్రభుత్వ రికార్డుల్లో గల్ఫ్ ఆఫ్ అమెరికాగా మారింది. ఇంతవరకూ అందరూ చదివిందే. దీని వెనకాల అంతగా వార్తల్లోకి ఎక్కని తగువు ఇంకొకటుంది. ఒక కొండనో నదినో చుట్టుపక్కల జనం రెండు మూడు పేర్లతో పిలుస్తుంటే, మ్యాప్ డేటాలో ఆ పేర్లన్నీ రాయాలా? రాస్తే డేటాలో ఏ గడిలో (ఫీల్డులో), ఏ హోదాతో రాయాలి?

అధికారిక పేరు ఒక్కటుంటే చాలు, మిగతావి అయోమయం పెంచుతాయి అనేవాళ్లు సాధారణంగా 1890లో ఏర్పడిన అమెరికా భౌగోళిక నామాల బోర్డును ఉదాహరణగా చూపిస్తారు. నన్నడిగితే అసలు మలుపు అంతకు ముందే, హిమాలయాల దగ్గర వచ్చింది. ఇప్పుడు వినిపిస్తున్న వాదనలన్నీ దాదాపు అప్పుడే తయారయ్యాయి.

బ్రిటిష్ వాళ్లు భారతదేశాన్ని కొలిచిన త్రికోణమితి సర్వే కథ, శిఖరం ఎత్తు లెక్కగట్టిన రాధానాథ్ సిక్దర్ కథ చాలామందికి తెలుసు కాబట్టి దాటేద్దాం. 1856లో భారత సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా తమ జాబితాలో 'పదిహేనో శిఖరం'గా ఉన్నదాని ఎత్తు 29,002 అడుగులని, బహుశా ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనది అదేనని ప్రకటించాడు. అప్పటికి సర్వే శాఖలో ఒక మంచి ఆనవాయితీ ఉంది. వీలైనంతవరకూ స్థానికుల పేరు కనుక్కుని దాన్నే మ్యాపులో రాసేవాళ్లు. కాంచనజంగ, ధవళగిరి పేర్లు అలా నిలిచినవే. ఈ పద్ధతిని తనకు నేర్పినవాడు తన ముందు సర్వేయర్ జనరల్‌గా చేసిన జార్జ్ ఎవరెస్టేనని ఆండ్రూ వా స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ వెంటనే, ఈ ఒక్క శిఖరానికి మాత్రం తమకు స్థానిక నామం ఏదీ దొరకలేదని, ఉన్నా నేపాల్‌లోకి అడుగుపెట్టనిచ్చేదాకా తెలిసే అవకాశం లేదని ఒక ఉత్తరంలో రాసి, ఎవరెస్ట్ పేరు పెడుతున్నానన్నాడు.

నిజమే, నేపాల్ అప్పుడు విదేశీయులను రానివ్వడం లేదు. సర్వేయర్లు వంద మైళ్లకు పైగా దూరాన, మైదానాల్లో నిలబడి కొలిచారు. దూరం నుంచి ఎత్తు కొలవచ్చు గానీ, పేరు తెలియాలంటే అక్కడి మనిషిని అడగాలి. అడిగే వీలు లేక తెలియకపోవడం ఒకటి, అసలు పేరే లేకపోవడం మరొకటి. ఆ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఆ ఉత్తరం బయటికి వచ్చాక పేర్లు రావడం మొదలైంది. ఖాట్మండులో చాలా ఏళ్లు బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంట్)గా ఉన్న బ్రయాన్ హాడ్జ్‌సన్, శిఖరానికి దేవధుంగ అనే పేరుందన్నాడు. జర్మన్ యాత్రికుడు హెర్మన్ ష్లాగింట్‌వైట్ గౌరీశంకర్ అన్నాడు. ఇవేమీ లేకుండానే, 1730ల్లో పారిస్‌లో అచ్చయిన ఫ్రెంచ్ పటకర్త డాన్విల్ పటంలో టిబెటన్ పేరు చోమోలుంగ్మా కాస్త వంకర స్పెల్లింగుతోనే అయినా అప్పటికే ఉంది. పేరు లేదన్న మాట ఇక నిలవదు. అప్పుడు ఆండ్రూ వా వాదన మార్చాడు. స్థానిక పేర్లు చాలా ఉన్నాయి, అందులో ఒకదాన్ని ఎంచి మిగతావాటిని కాదనడం కష్టం అన్నాడు.

ఈ వాక్యం దగ్గర కొంచెం ఆగాలి. నిన్న ఒక్క పేరూ లేదు కాబట్టి మనం పెట్టాలి. ఇవాళ మరీ ఎక్కువున్నాయి కాబట్టి మనం పెట్టాలి. కారణం తలకిందులైనా ఫలితం ఒక్క అంగుళం కదల్లేదు. పేర్లు ఎక్కువుంటే అన్నీ రాసుకోవచ్చు కదా అన్న ఆలోచన ఆ చర్చలో బలంగా రానేలేదు.

ఆండ్రూ వా అభ్యంతరాల్లో పస లేదని కాదు. దేవధుంగ అంటే ఆ శిఖరమేనని రుజువు కాలేదు. గౌరీశంకర్ వేరే కొండ అని 1903లో హెన్రీ వుడ్ సర్వేలో తేలింది కూడా. వాటిని పక్కన పెట్టడం న్యాయమే. వాటి బదులు పెట్టిన పేరుకు మాత్రం స్థానికులు వాడుతున్నారన్న రుజువు అడిగినవాళ్లు లేరు. ఆ రుజువు కావాలన్నవాడు ఒకడుంటే అది జార్జ్ ఎవరెస్టే! 1843లోనే ఉద్యోగం వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయిన ఆయన, తన పేరును హిందీలో గానీ పర్షియన్‌లో గానీ రాయలేరని, అక్కడి జనానికి అది పలకదని 1857లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో చెప్పాడు. 1865లో సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది. చైనా 1952లో చోమోలుంగ్మా పేరును అధికారికం చేసింది. నేపాల్ వాడే సాగరమాత 1930ల చివర్లో చరిత్రకారుడు బాబురామ్ ఆచార్య వెలుగులోకి తెచ్చిన పేరు. 2020 డిసెంబరులో రెండు దేశాలూ కలిసి శిఖరం ఎత్తు 8,848.86 మీటర్లని ప్రకటించాయి. ఎత్తు మీద ఒప్పందం కుదిరింది, పేరు మాత్రం ఎవరిది వారిదే.

అమెరికా బోర్డు ఈ అలవాటును చట్టం చేసింది, అంతే. ప్రభుత్వ వాడకంలో ఒక స్థలానికి ఒకే పేరు, ఒకే స్పెల్లింగు. ఆ ఊపులో 1891లో పిట్స్‌బర్గ్ స్పెల్లింగు చివరి 'హెచ్' ఎగిరిపోయింది, ఊరివాళ్లు పట్టుబడితే 1911లో తిరిగొచ్చింది. బోర్డుకు న్యాయంగా ఒకటి చెప్పాలి. మిగతా పేర్లను అది పారేయలేదు, 'వేరియంట్లు' అని డేటాబేస్‌లో ఉంచింది. సమస్యల్లా ఆ మాట ఇచ్చే హోదాతోనే. 1896లో విలియం డికీ అనే బంగారు అన్వేషకుడు ఆ అలాస్కా శిఖరానికి తనకు నచ్చిన రాజకీయ నాయకుడు మెకిన్లీ పేరు పెడితే అది అసలు పేరయింది. అక్కడి ఆదివాసులైన అథబాస్కన్ భాషల వాళ్లు తరతరాలుగా పిలుస్తున్న డెనాలీ దానికి వేరియంట్ అయింది.

1975లో అలాస్కా రాష్ట్రం డెనాలీ అని మార్చుకుని, ఫెడరల్ బోర్డునూ మార్చమంది. మెకిన్లీ సొంత రాష్ట్రం ఒహాయో నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు రాల్ఫ్ రెగ్యులా దారి కనిపెట్టాడు. ఒక పేరుపై కాంగ్రెస్‌లో బిల్లు పెండింగులో ఉంటే బోర్డు దాని జోలికి పోదు. అందుకని సమావేశం తర్వాత సమావేశం బిల్లు పెడుతూ పోయాడు. అది పాస్ కానక్కర్లేదు, ఉంటే చాలు. 2015లో ఇంటీరియర్ కార్యదర్శి సాలీ జ్యువెల్ ఉత్తర్వు ఇచ్చేదాకా నలభై ఏళ్లు ఇలాగే గడిచింది. డెనాలీ కూడా ఏకైక స్థానిక నామం కాదు. కొండకు దక్షిణాన ఉన్న భాషల్లో దాన్ని వేరే పేరుతో పిలుస్తారు. ప్రధాన గడి కోసం ఇద్దరు కొట్టుకుంటుంటే ఆ మూడో పేరును పట్టించుకున్నవాళ్లు తక్కువ.

వేరే దార్లు లేక ఇలా జరగలేదు. ఒకే స్థలాన్ని పంచుకునే దేశాలకు పేరు మీద రాజీ కుదరకపోతే అన్ని పేర్లనూ అంగీకరించాలని 1977లోనే ఐక్యరాజ్యసమితి సదస్సు తీర్మానించింది. న్యూజిలాండ్ 1998లో ఒక శిఖరానికి మావోరీల ఆవురాకి, మౌంట్ కుక్ రెండూ కలిపి ఒకే అధికారిక పేరు చేసింది. ఆస్ట్రేలియాలో ఒక పెద్ద రాతికొండకు 1993లో ఏయర్స్ రాక్ ముందు, స్థానిక నామం ఉలూరు వెనక రాశారు. 2002లో ఆ వరుస తిప్పి ఉలూరును ముందుకు తెచ్చారు.

ఇక ఇవాళ్టి డేటా సంగతి. కాగితం మీద చోటు లేదన్న సాకు కంప్యూటర్‌తో పోయింది. 2004లో మొదలైన, ఎవరైనా దిద్దగలిగే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటంలో ఒక కొండకు 'నేమ్' గడితో పాటు ఒక్కో భాషకూ ఒక్కో గడి, ఆపైన ప్రత్యామ్నాయ పేరుకు, స్థానిక వాడుకకు, పాత పేరుకు, అధికారిక పేరుకు విడివిడి గడులున్నాయి. జియోనేమ్స్ అనే స్థలనామాల డేటాబేస్‌లో వాడుక పేరు, చారిత్రక పేరు అని గుర్తుపెట్టే వీలూ ఉంది. కానీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ప్రామాణిక పటం గీసేటప్పుడు చూసేది ఒక్క 'నేమ్' గడినే. మిగతావి వెతికితేనే దొరుకుతాయి, అదీ వెతికే సాఫ్ట్‌వేర్ వాటిని చదివితే.

అందుకే తగువు. ఒక పక్షం చెప్పేది ఇది: అక్కడి సైన్‌బోర్డు మీద ఉన్నది, తనిఖీకి దొరికేది ప్రధాన గడిలో పెట్టండి, విన్నవన్నీ రాస్తే ట్రెక్కింగు గుంపులు పెట్టిన ముద్దుపేర్లూ, వ్యాపారులు కావాలని ఇరికించే పేర్లూ వచ్చి పడతాయి. ఆ భయం నిజమే, అలాంటి చెత్త ఏ బహిరంగ డేటాలోనైనా పడుతుంది.

రెండో పక్షం ప్రశ్న ఇంకా లోతైనది. ఏ పేరును ఏ గడిలోకి తోస్తున్నారు? ప్రభుత్వం పేరు మార్చిన మర్నాడే, జనం నోట రోజూ నలిగే పేరును దూరాన కూర్చున్న ఒక ఎడిటర్ 'పాత పేరు' గడిలోకి పంపిస్తే, బతికున్న పేరుకు మరణ ధ్రువపత్రం రాసినట్టే. నాలుగు భాషల పేర్లను సెమీకోలన్లతో ఒకే ప్రత్యామ్నాయ గడిలో కుక్కితే ఏది ఎవరిదో తెలియదు. నదికి ఎగువన ఒక పేరు, దిగువన ఇంకో పేరు ఉంటే మొత్తం నదికి రెండు పేర్లున్నట్టు నమోదవుతుంది, అది అబద్ధం. నదిని ముక్కలు చేసి ఏ ముక్కకు ఆ పేరు రాయాలి. అది కష్టపడి చేయాల్సిన పని కాబట్టి చాలామంది చేయరు. సైన్‌బోర్డు మీద ఉన్నదే సాక్ష్యం అన్న నియమంలోనూ ఒక చిక్కుంది. బోర్డులు పెట్టేది ప్రభుత్వాలే. రాత అలవాటు తక్కువున్న భాషలో పేరుకు బోర్డు ఎక్కడి నుంచి వస్తుంది? ఆండ్రూ వా అడిగిన రుజువూ ఇలాంటిదే.

పెద్ద కంపెనీలు ఇంకో దారి పట్టాయి. 2025 ఫిబ్రవరి నుంచి గూగుల్ మ్యాప్స్ అమెరికాలో చూసేవాళ్లకు గల్ఫ్ ఆఫ్ అమెరికా అని, మెక్సికోలో గల్ఫ్ ఆఫ్ మెక్సికో అని, మిగతా ప్రపంచానికి రెండూ కలిపి చూపిస్తోంది. ఎవరికి ఏ పేరు కనిపించాలో ఇక్కడ చూసేవాడు ఉన్న దేశాన్ని బట్టి తేలుతుంది, ఆ నీళ్ల ఒడ్డున ఎవరున్నారన్నది లెక్కలోకి రాదు. జపాన్, కొరియాల నడుమ ఉన్నది జపాన్ సముద్రమా తూర్పు సముద్రమా అని దశాబ్దాలు నలిగిన అంతర్జాతీయ జలసర్వే సంస్థ 2020లో కొత్త డిజిటల్ ప్రమాణంలో సముద్రాలకు అంకెలు ఇవ్వాలని నిర్ణయించింది. డేటాబేస్‌కు అది చాలు, పడవలో ఉన్నవాడు సాయం కోసం ఫోన్ చేసి అంకె చెప్పడు.

డెనాలీ దగ్గర పరిస్థితి ఇప్పుడిలా ఉంది. ఉత్తర్వు శిఖరం పేరే మార్చింది, చుట్టూ ఉన్న నేషనల్ పార్కు పేరు డెనాలీగానే ఉంది. డెనాలీ పేరే కొనసాగించాలని అలాస్కా శాసనసభ 2025 మొదట్లోనే తీర్మానించింది. ఫెడరల్ డేటాను ఉన్నదున్నట్టు దించుకున్న యాప్‌లో డెనాలీ పార్కు నడుమ మౌంట్ మెకిన్లీ కనిపిస్తుంది. అందులో 'డెనాలీ' అని టైప్ చేస్తే శిఖరం దొరుకుతుందా, లేక పార్కు ఒక్కటే వస్తుందా అన్నది ఆ యాప్ తయారుచేసినవాళ్లు ప్రత్యామ్నాయ పేర్ల గడిని కూడా వెతుకులాటలో చేర్చారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.