దూరమా, వయసా, దుమ్మా?

వెబ్ టెలిస్కోప్ ఫొటోలతో బిగ్‌బ్యాంగ్ గొడవ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ మొదలైంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర టీ అంగడిలోనూ నిన్న అదే వాదన. "విశ్వం పుట్టిన కొత్తలోనే అంత పెద్ద గెలాక్సీలా? లెక్క తప్పిందన్నా" అంటున్నాడో కుర్రాడు. తప్పే ఉండొచ్చు, కానీ ఏ లెక్క? నా అనుమానం ధూళి లెక్క మీద.

నక్షత్రాల మధ్య ధూళి ఉందని 1930లో ఖగోళ శాస్త్రవేత్త ట్రంప్లర్ తేల్చిన సంగతి పాతదే, వదిలేద్దాం. అసలు మలుపు 1998.

అంతకు మూడేళ్ల ముందు, 1995 డిసెంబరులో, హబుల్ టెలిస్కోప్ సప్తర్షి మండలం వైపు ఆకాశంలో ఒక చిన్న ముక్కను 10 రోజులు చూసింది. అందులో కనిపించిన వెలుగును బట్టే ఏ కాలంలో ఎన్ని నక్షత్రాలు పుట్టాయో లెక్క కట్టారు. 1998లో హవాయిలోని స్కూబా కెమెరా అదే చోటును కంటికి కనిపించని 850 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగాల్లో చూసింది. ఆ తరంగాల్లో అన్నిటికన్నా ఎక్కువగా వెలుగుతున్న గెలాక్సీ ఆనవాలు హబుల్ ఫొటోలో లేదు! ఏటా వందల సూర్యుళ్లంత పదార్థం నక్షత్రాలుగా మారుతున్న చోటది. ఆ వెలుగంతా ధూళి మింగి, కాస్త వేడెక్కి, కంటికి కనిపించని పరారుణ కాంతిగా బయటికి వదులుతోంది. దాని దూరం తేలేసరికి 2012 వచ్చింది.

ఈ ధూళి మన రేణిగుంట రోడ్డు దుమ్ములా ముతకది కాదు. పొగలో కణాలంత సన్నం, చాలావరకు మైక్రాన్ లోపే. చెత్త తగలబెట్టిన పొగలోంచి వీధిలైటును చూడండి, నీలం పోయి ఎరుపు మిగులుతుంది. చిక్కల్లా, ముసలి నక్షత్రాలున్న గెలాక్సీ కూడా ఎర్రగానే ఉంటుంది, విశ్వం వ్యాపిస్తూ వెలుగు తరంగాలను సాగదీస్తుంది కాబట్టి దూరపుదీ ఎర్రగానే ఉంటుంది. ధూళి ఎరుపును వయసు ఎరుపనుకుంటే బరువు లెక్క మారుతుంది, కొత్తగా పుడుతున్న నక్షత్రాల లెక్క పడిపోతుంది. దూరం ఎరుపనుకుంటే మరీ ఘోరం, దగ్గరి గెలాక్సీ కాస్తా విశ్వం తొలినాళ్లదైపోతుంది.

2022లో సీర్స్-93316 అనే గెలాక్సీకి అదే జరిగింది. రంగులను బట్టి బిగ్‌బ్యాంగ్ తర్వాత సుమారు 24 కోట్ల ఏళ్ల నాటిదన్నారు. మరుసటి ఏడాది దాని వెలుగును విడదీసి వర్ణపటం తీస్తే సుమారు 120 కోట్ల ఏళ్ల నాటిదని తేలింది. ధూళికి తోడు బలమైన ఉద్గార రేఖలూ (వేడి వాయువు కొన్ని రంగుల్లోనే వదిలే వెలుగు) కలిసి దాన్ని దూరపు గెలాక్సీగా చూపించాయి.

లెక్క తప్పిందనే కుర్రాడి పక్షానికీ జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ ఉంది. బిగ్‌బ్యాంగ్ తర్వాత దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటిదని వర్ణపటంతోనే తేలింది, ధూళీ తక్కువే.

టీ అంగడిలో దాని పేరు ఎవరూ ఎత్తలేదు. కుర్రాడి ఫోన్‌లో ఉన్నది 93316 ఫొటో, కింద ఇంకా 2022 నాటి అంకె.