నాలుగో స్థానంలో వచ్చినవాడి గురించి

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ చెప్పిన రెండు కబుర్లు నా మనసులో ఇంకా తిరుగుతున్నాయి. కాలేజీ పత్రికలో ఆటల పేజీ నీకు అప్పగించారని అమ్మలూ, నువ్వు సంతోషంగా చెప్పావు. నువ్వేమో నాన్నా, 1500 మీటర్ల సెలెక్షన్‌లో నాలుగో స్థానంలో వచ్చానని, ముగ్గురినే తీసుకున్నారని, ఇక గ్రౌండ్ వైపు వెళ్లనని గొంతు తగ్గించి చెప్పావు. ఇద్దరికీ విడివిడిగా రాద్దామనే కూర్చున్నాను. కానీ రాయవలసింది ఒకటే విషయం అనిపించి ఒకే ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీ సంగతి నాన్నా. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో సరిగ్గా నీ పరుగులోనే, 1500 మీటర్లలోనే, రోజర్ బానిస్టర్ అనే ఇంగ్లండ్ కుర్రాడు నాలుగో స్థానంలో వచ్చాడు. అప్పటికి అతను వైద్య విద్యార్థి. చదువు వదలకుండా, దొరికిన కొద్ది సమయంలోనే ప్రాక్టీస్ చేసేవాడు. తీరా పోటీలు మొదలయ్యే ముందు ఒక అదనపు సెమీఫైనల్ రౌండ్ పెట్టారు. వరసగా మూడు రోజులు మూడు పరుగులు. రోజంతా ప్రాక్టీస్‌లో గడిపేవాళ్లకి అది పెద్ద లెక్క కాదు. చదువు మధ్యలో ప్రాక్టీస్ చేసుకున్న ఇతనికి మాత్రం ఆఖరి రోజుకి కాళ్లలో సత్తువ మిగల్లేదు. అయినా ఫైనల్‌లో అతని టైమ్ బ్రిటిష్ రికార్డు. బంగారు పతకం గెలిచిన లక్సెంబర్గ్ రన్నర్ జోసీ బార్తెల్‌కీ అతనికీ మధ్య తేడా సుమారు ఒక సెకను.

పత్రికలు ఆ సెకను గురించే రాశాయి. దేశం పెట్టుకున్న ఆశ వమ్మయిందని, ముందుగా తగినన్ని పోటీల్లో పరుగెత్తకపోవడమే తప్పని అతన్ని విమర్శించాయి. పరుగు మానేద్దామా అని కూడా ఆలోచించాడతను. మానలేదు. లండన్‌లో ఆసుపత్రి శిక్షణ సాగుతుంటే మధ్యాహ్నం విరామంలో దగ్గరున్న ట్రాక్‌కి వెళ్లి పరుగెత్తి వచ్చేవాడు. 1954 మే 6న ఉదయం కూడా ఆసుపత్రిలో పని చేసుకుని, రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. ఆ రోజు గాలి ఎంత బలంగా వీచిందంటే, రికార్డు ప్రయత్నం చేయాలా వద్దా అని చివరిదాకా తేల్చుకోలేకపోయాడు. సాయంత్రానికి గాలి కాస్త తగ్గింది. తోటి రన్నర్లు క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే వంతులవారీగా ముందుండి వేగం నిలబెట్టారు. మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పూర్తి చేశాడు. మైకులో ఫలితం చదువుతున్నాయన ‘మూడు’ అనగానే చప్పట్లు మిన్నంటాయి. మిగతా అంకెలు ఎవరికీ వినపడలేదట. నాలుగు నిమిషాల లోపు మైలు పరుగెత్తిన మొదటి మనిషి అతనే. తర్వాత నరాల వైద్యుడై దశాబ్దాల పాటు పనిచేశాడు.

నువ్వూ అలా ప్రపంచ రికార్డు కొడతావని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. చాలామంది కొట్టరు, నువ్వూ కొట్టకపోవచ్చు. నేను చెప్పదలచుకున్నది వేరు. 1952 వార్త చదివినవాళ్లకి కనిపించింది ఒక ఓటమి. అతని పక్కన కూర్చుని పాఠం విన్న క్లాస్‌మేట్‌కి కనిపించింది మాత్రం పుస్తకం మూసి గబగబా బూట్లు వేసుకుని ట్రాక్‌కి పోయే ఒక కుర్రాడు. రెండూ నిజమే, కానీ రెండోది ఏ పేపర్‌లోనూ రాలేదు.

మన పి.టి. ఉష సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్. మూడో స్థానంలో వచ్చిన రుమేనియా అమ్మాయి టైమ్ 55.41, ఉషది 55.42. సెకనులో నూరో వంతు! రెప్ప వేయడానికి కూడా అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఇన్నేళ్లయినా మనం ఆ నూరో వంతు గురించే చెప్పుకుంటాం. మిగతా 55 సెకన్లు ఆవిడ ఎలా పరుగెత్తిందో ఎవరినైనా అడిగి చూడండి, చెప్పలేరు. నాకు ఇది బాధగా ఉంటుంది.

ఇప్పుడు నీకు అమ్మలూ. డిక్ ఫాస్‌బరీ అనే అమెరికా కుర్రాడు హైస్కూల్‌లో హైజంప్ చేసేవాడు. అప్పట్లో అందరూ బార్ మీద బోర్లా దొర్లుతూ దాటేవారు. ఆ పద్ధతి ఇతనికి ఎంతకీ పట్టుబడలేదు. ఒక కాలి తర్వాత ఇంకో కాలు బార్ దాటించే పాత కత్తెర పద్ధతిలో దూకుతూ, వీపు కొద్దికొద్దిగా వెనక్కి వాల్చుకుంటూ పోయి, చివరికి బార్‌కి వీపు చూపించి దూకడం మొదలుపెట్టాడు. కింద రంపపు పొట్టు ఉంటే మెడ విరిగేది. అదృష్టం కొద్దీ మెత్తటి ఫోమ్ పరుపులు అప్పుడప్పుడే వస్తున్నాయి. స్థానిక పత్రికలు అతన్ని ఎగతాళి చేశాయి, చేప గిలగిలా కొట్టుకున్నట్టుందన్నాయి. ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో సివిల్ ఇంజనీరింగ్‌లో చేరితే అక్కడి కోచ్ కూడా మొదట అందరూ దూకే బోర్లా పద్ధతే నేర్పించబోయాడు. ఈ కుర్రాడు దాటుతున్న ఎత్తులు చూశాక ఆయనే ఆ ప్రయత్నం మానుకున్నాడు. 1968లో మెక్సికో ఒలింపిక్స్‌లో 2.24 మీటర్లు దూకి బంగారు పతకం గెలిచాడు. ఈరోజు పెద్ద పోటీల్లో అందరూ దూకేది అతని పద్ధతిలోనే.

అది ఎందుకు పనిచేసిందో తెలుసా? వీపు విల్లులా వంచినప్పుడు శరీరం ముక్కముక్కగా బార్ దాటుతుంది. ముందు తల, భుజాలు, తర్వాత నడుము, చివరికి కాళ్లు. ఒక భాగం బార్ పైన ఉంటే మిగతా భాగాలు బార్ కన్నా కిందే ఉంటాయి. దాంతో శరీరం బరువంతా కేంద్రీకరించి ఉండే బిందువు బార్ కిందుగా పోయినా మనిషి మాత్రం పైనుంచి దాటగలడు. ఎగతాళిగా వార్త రాసినవాళ్లు ఒక్క సాయంత్రం ఆ పరుపుల పక్కన నిలబడి చూసి ఉంటే, ‘ఎందుకిలా దూకుతున్నావు బాబూ’ అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, వాళ్ల చేతిలో ఎంత గొప్ప వార్త పడేదో ఆలోచించు.

నువ్వు అడగగలవు. నువ్వు ఉండేది క్యాంపస్‌లోనే. పెద్ద పత్రికల విలేకరికి దొరకని భాగ్యం అది. ఆటగాళ్లు నీ పక్క బెంచీలో కూర్చుంటారు, నీతోపాటే పరీక్షలకి టెన్షన్ పడతారు. 1967లో క్యాథ్రిన్ స్విట్జర్ బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తుతుంటే, ఆడపిల్లకి ఇక్కడేం పనని ఒక అధికారి మీదపడి ఆమె నంబరు లాగేయబోయాడు. ఆ ఫోటో లోకమంతా చూసింది. ఆ ఫోటోలో కనిపించని సంగతి ఒకటుంది. ఆమె సిరక్యూస్ యూనివర్సిటీలో జర్నలిజం విద్యార్థిని. చలికాలమంతా ఆమె పక్కన పరుగెత్తి ఆమెను మారథాన్‌కి సిద్ధం చేసింది ఆ యూనివర్సిటీలో ఉత్తరాలు పంచే ఆర్నీ బ్రిగ్స్. మీ కాలేజీలోనూ అలాంటి ఒక ఆర్నీ ఉండే ఉంటాడు. గ్రౌండ్‌లో సున్నపు గీతలు గీసే ఆయనో, ఆఫీసులో గుమాస్తాయో. వెతికి పట్టుకో.

ఇదంతా ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మీకు ఇంతవరకూ చెప్పలేదు. నా చదువు రోజుల్లో హాస్టల్ గోడపత్రికలో ఆటల వార్తలు నేనే రాసేవాణ్ణి. ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మా గోల్‌కీపర్ చేతుల్లోకి వచ్చిన బంతి జారిపోయి మేం ఓడిపోయాం. ‘గోల్ ముందు చిల్లుకుండ’ అని పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టాను. అందరూ నవ్వారు, నన్ను మెచ్చుకున్నారు. ఆ ఏడాదంతా అతన్ని చిల్లుకుండ అనే పిలిచారు. అతను గ్రౌండ్‌కి రావడం మానేశాడు.

అతని గది నా గది పక్కనే. ముందురోజు ప్రాక్టీస్‌లో అతని వేలు వాచిందని నాకు తెలుసు. వేలికి గుడ్డ చుట్టుకుని ఆడాడనీ, ఆ ఒక్క గోల్ పోకముందు మూడు ఆపాడనీ తెలుసు. తెలిసీ రాయలేదు, రాస్తే శీర్షిక పండదని. చదువు ముగిసి విడిపోయేదాకా క్షమించమని అడగలేదు. ఆ తర్వాత అతను మళ్లీ కలవలేదు. ఇప్పటికీ ఏ మ్యాచ్‌లోనైనా గోల్‌కీపర్ బంతి వదిలేస్తే నా కళ్లు అతని వేళ్ల వైపే పోతాయి.

ఆటగాళ్లని విమర్శించొద్దని అనడం లేదు. బద్ధకంగా ఆడితే బద్ధకంగా ఆడాడనే రాయి. మోసం చేస్తే గట్టిగా రాయి, అక్కడ మొహమాటం పనికిరాదు. కానీ మ్యాచ్ మొత్తం చూసి రాయి. ఓడినవాడితో కూడా మాట్లాడి రాయి. వచ్చే నెల మీ అంతర్ కళాశాలల పోటీలయ్యాక బహుమతుల ఫోటో తీయగానే వెళ్లిపోకు, కాసేపు గ్రౌండ్‌లోనే ఉండు. నాలుగో స్థానంలో వచ్చినవాళ్లు ఆ టైమ్‌లో బూట్లు విప్పుకుంటూ ఒక మూల కూర్చుని ఉంటారు. పేజీ అచ్చయ్యాక ఒక కాపీ నాకు పోస్టులో పంపు. ఫోన్‌లో చిన్న అక్షరాలు నేను చదవలేను.

నాన్నా, నువ్వు రేపు సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్లు. ఒక్కడివే అయినా సరే, 1500 మీటర్లు పరుగెత్తి టైమ్ చూసుకో. ఎంతొచ్చినా నాకు ఫోన్ చేసి చెప్పు, తారీఖు వేసి నోటుబుక్కులో రాసి పెడతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య