వేప్ కాయిల్ ఫ్యాక్టరీ నుంచి చేతుల్లోకి ఎలా వచ్చింది

వేప్ పేలిందని వార్త రాగానే అందరం బ్యాటరీని తిడతాం, కానీ దానిమీద ఎంత భారం పడాలో తేల్చేది పైన ఉండి ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేసే ఆ చిన్న తీగ చుట్టే, అంటే కాయిలే, దాన్ని ఎవరు చుట్టారు, ఎలా బిగించారు అన్నదే. ఈ పని మామూలు జనం చేతుల్లోకి ఎలా వచ్చిందో చూస్తే తప్ప ఈ గొడవ అర్థం కాదు.

తీగ మాత్రం పాతదే. నైక్రోమ్‌కి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లోనే పేటెంట్ తీసుకున్నాడు, టోస్టర్లలో, హీటర్లలో ఎర్రగా కాలే తీగ అదే. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన కాంథాల్ 1930ల్లో స్వీడన్ నుంచి వచ్చింది. చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్ట్ 2003లో ఈ-సిగరెట్ తయారుచేశాక, మార్కెట్లోకి వచ్చినవాటిలో కాయిల్ లోపలెక్కడో సీల్ చేసి ఉండేది, మాడితే పారేసి కొత్తది కొనుక్కోవాలి. ఒకటి చాలారోజులొచ్చేది, ఇంకోటి పెట్టీపెట్టగానే మాడు వాసన. జానెడు తీగకి ఇంత డబ్బు పెట్టాలా అని జనం విప్పి చూసి వాళ్లే చుట్టుకోవడం మొదలుపెట్టారు, 2010 తర్వాత అమెరికా, యూరప్‌లలో ఇది బాగా పాకింది.

మొదట్లో జెనెసిస్ రకం అటమైజర్ (కాయిల్, ద్రవం ఉండే పై భాగం) ఉండేది, స్టీల్ మెష్‌ని చుట్టి వత్తిలా పెట్టి దానిమీద తీగ చుట్టేవాళ్లు. మెష్ కూడా కరెంటు లాగుతుంది కదా, అందుకే మంటమీద కాల్చి పైన ఆక్సైడ్ పొర వచ్చేలా చేయాలి, ఆ పొర ఎక్కడ సరిగ్గా రాకపోయినా అక్కడ షార్టే. తర్వాత సిలికా తాడు, ఆ తర్వాత దూది వచ్చి ఆ తలనొప్పి పోయింది, జర్మనీలో తయారైన కేఫన్ లాంటి ట్యాంకులు (ద్రవం నింపుకునే అటమైజర్లు) మామూలు వాళ్లక్కూడా ఇది సాధ్యమే అనిపించాయి.

బిగించడం దగ్గర ఇంకో కథ. పాత డెక్‌లో, అంటే కాయిల్ బిగించే పీఠంలో, మూడు పోస్టులు (చిన్న స్తంభాలు) ఉండేవి, మధ్య పోస్టు పాజిటివ్, రెండు కాయిల్స్ నుంచీ ఒక్కో కాలు (తీగ చివర) ఆ ఒక్క కన్నంలోనే దూర్చాలి, ఒకటి బిగిస్తే ఇంకోటి జారిపోతుంది, జారిన కాలు డెక్‌కి తగిలితే అయిపోయినట్టే. వెలాసిటీ డెక్ వచ్చి ఒక్కో కాలికి విడిగా కన్నం, విడిగా స్క్రూ ఇచ్చింది, నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో నిజంగా మేలు చేసిన మార్పు ఇదే, ఎందుకంటే నేర్పు తక్కువున్నవాడికి కూడా తప్పు చేసే అవకాశం తగ్గించింది.

కానీ డెక్ ఎంత బాగున్నా ఓమ్ లెక్క, అంటే తీగ కరెంటుని ఎంత అడ్డుకుంటుందో (రెసిస్టెన్స్) ఆ లెక్క, అది చెయ్యదు. పెద్ద పొగ కోసం పోటీలు మొదలయ్యాక రెసిస్టెన్స్ దించుకుంటూ పోయారు. మోడ్ అంటే బ్యాటరీ ఉండే కింది భాగం, కాపాడే సర్క్యూట్ ఏదీ లేని మెకానికల్ మోడ్‌లో ఫుల్ ఛార్జ్ బ్యాటరీ 4.2 వోల్టులు, 1 ఓమ్ కాయిల్ అయితే 4.2 ఆంపియర్లు లాగుతుంది, 0.2 అయితే 21, 0.1 అయితే 42. వేప్‌లలో వాడే మంచి 18650 సైజు బ్యాటరీలు కూడా ఎక్కువ శాతం ఆగకుండా ఇవ్వగలిగేది 20, 30 ఆంపియర్ల మధ్యే. దీనికి తోడు హైబ్రిడ్ మోడ్‌లో, అంటే అటమైజర్ నేరుగా బ్యాటరీకి తగిలే రకంలో, అటమైజర్ అడుగున పిన్ బయటికి పొడుచుకు రాకపోతే కాయిల్‌తో పనిలేకుండా నేరుగా బ్యాటరీయే షార్ట్ అవుతుంది. 2018లో ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకరు, 2019 జనవరిలో టెక్సాస్ ఫోర్ట్ వర్త్‌లో ఇంకొకరు వేప్ పేలి చనిపోయారు, ఆ రెంటికీ కాయిలే కారణమని నేను అనట్లేదు, చేతిలో ఉన్నదానికి ఎంత శక్తి ఉందో మాత్రం చెబుతున్నా.

అప్పటికే యూరప్‌లో 2016 నుంచి ట్యాంకు 2 మిల్లీలీటర్లు దాటకూడదనే రూల్ వచ్చింది, అదే ఏడాది ఆగస్టు నుంచి అమెరికాలో వేప్‌లు ఎఫ్‌డీఏ (ఆహార, మందుల నియంత్రణ సంస్థ) కిందికి వచ్చాయి. మన దగ్గర 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, తర్వాత చట్టం తెచ్చి మొత్తానికే బ్యాన్ చేశారు, అందులో తయారీ అంటే ఈ-సిగరెట్‌నే కాదు, దాని ఏ భాగాన్నైనా తయారుచేయడం, అసెంబుల్ చేయడం కూడా వస్తుంది, మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు గానీ లక్ష వరకు ఫైన్ గానీ, లేదా రెండూ. అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో గదిలో కూర్చుని కాయిల్ చుట్టి అమ్మే కుర్రాడు నేరుగా ఈ చట్టం కిందికే వస్తాడు, పైగా అతని కాయిల్ ఓమ్ ఎంతో మీటర్ పెట్టి చూసి చెప్పే షాపు కూడా ఇక్కడ ఏదీ ఉండదు.