50 చుక్కల ముగ్గు

తిరుపతి,
ధనుర్మాసం.

చిన్నీకి, బాబుకు తాత ఆశీస్సులు.

చిన్నీ, ఫోన్లో నువ్వడిగిన ప్రశ్నకు ఉత్తరమే సరైన జవాబు అనిపించింది. కంప్యూటర్ కాలిక్యులేటర్లో 50కి వర్గమూలం చూస్తే 7.0710678 అంటూ బారెడు అంకెలొచ్చాయన్నావు. నోట్సులో 7.07 అని రాసుకుని దాన్ని దానితోనే గుణిస్తే 49.9849 వచ్చిందట. మిగతాది ఎక్కడికి పోయింది తాతా అన్నావు.

అవ్వ ఈ నెలంతా వాకిట్లో పెట్టే ముగ్గు తలుచుకో. 7 చుక్కలు, 7 వరసలు, మొత్తం 49. అది 7కు వర్గం. 49 చుక్కలు చేతికిచ్చి, నాలుగు పక్కలా సమంగా పెట్టమంటే వరసకు 7 పెడతావు. అది వర్గమూలం. మరి 50 ఇస్తే? ఒక చుక్క మిగిలిపోతుంది. ఆ చుక్కలోని పిండినే సన్నగా పంచి ముగ్గును రవ్వంత పెద్దది చేయాలి. 7 తర్వాత వచ్చిన ఆ పొడుగు తోక ఈ రవ్వంతే. ఎంత పంచినా ఇంకా కాస్త పిండి మిగులుతూనే ఉంటుంది, అందుకే ఆ అంకెలకు చివర లేదు. నువ్వు 7.07 దగ్గర ఆపేశావు, తర్వాతి పిండి లెక్కలోకి రాలేదు. ఈసారి రాసుకోకుండా, జవాబు తెర మీద ఉండగానే వర్గం మీట నొక్కు. 50 వస్తుంది.

చిత్తూరు దగ్గర మా ఊళ్ళో మాకు ఈ మీటలు లేవు. అయ్యవారు పలక మీద అంకెలను కుడి నుంచి రెండేసి జతలుగా విడదీయించి, ఒక్కో జతా దించుకుంటూ వర్గమూలం తీయించేవారు. ఇలాంటి పద్ధతిని ఆర్యభటుడు 499లోనే శ్లోకంలో చెప్పాడు. మా జేజి బడి మెట్లెక్కిన మనిషి కాదు. అయినా చలిలో కల్లాపి ఆరకముందే, వేళ్ళ సందున పిండి జారుస్తూ, చూపుతోనే వరసలు సరిచూసేది. ఒక్క చుక్క తప్పినా చివర గీత కలవదని ఆమెకు తెలుసు.

అందుకే మీట నొక్కే ముందు మనసులో ఒక అంచనా వేసుకోండి. అలిపిరి మెట్లు 3,550 అంటారు. మెట్టుకో చుక్క అనుకుంటే 59 వరసలకు 3,481 సరిపోయి 69 మిగులుతాయి. 60 వరసలకేమో 50 తక్కువ. కాబట్టి జవాబు 59కీ 60కీ నడుమ. ఇప్పుడు నొక్కండి, 59.58 వస్తుంది. అంచనా ఉన్నవాడికి వేలు జారి తప్పు మీట పడినా వెంటనే తెలిసిపోతుంది.

బాబూ, నువ్వడిగిన ఘాతాలు కూడా ముగ్గులోనే ఉన్నాయి. ఒక ముగ్గుకు 49 చుక్కలు. అలాంటి ముగ్గులు ఒక ఇంట్లో ఏడుంటే 343, అది 7కు మూడో ఘాతం, అంటే మూడు 7లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది. అలాంటి ఇళ్ళు ఏడున్న వీధికి 2,401. ఏడు వీధుల ఊరికి 16,807. ఇలా పదో ఘాతం దాకా పోతే చుక్కలు 28 కోట్లు దాటతాయి! విండోస్ కాలిక్యులేటర్లో పై మూలన మూడు గీతలు నొక్కి సైంటిఫిక్ ఎంచుకో. 7 కొట్టి, ఎక్స్ భుజం మీద చిన్న వై ఉన్న మీట నొక్కి, 10 కొట్టి, సమానం నొక్కు. 343 ఏ సంఖ్యకు మూడో ఘాతమో వెనక్కి వెతకాలంటే ఘాతం 1/3 కావాలి. దాన్ని బ్రాకెట్లో పెట్టు. లేకపోతే యంత్రం 343ను ఊరికే 3తో భాగించి 114.33 చూపిస్తుంది. దాని తప్పేం లేదు, మనం చెప్పిందే చేసింది.

ఇంకొకటి ఉంది, అది నేను వివరించను. 50 కొట్టి వర్గమూలం మీట మళ్ళీ మళ్ళీ నొక్కుతూ పోండి. 7.07, 2.66, 1.63, 1.28... అది ఎక్కడికి పోతోందో చూడండి. తర్వాత కోటితో మొదలుపెట్టండి, ఆ తర్వాత 0.5తో. ఇన్నేళ్ళయినా నాకు అది చూస్తే ఆశ్చర్యమే. మూడు దారులూ ఎక్కడ చేరాయో, 0.5 దారి మిగతా రెంటికీ ఎలా తేడాగా ఉందో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి.

మీ తాత